లేజర్ కట్టర్: ముందు పొగకు దారి, తరువాతే యంత్రం

చదువు ముగించిన కుమారుడు, వీధి వైపు ఖాళీగా ఉన్న ఒక గది, ఏళ్ల తరబడి కూడబెట్టిన కొద్దిపాటి సొమ్ము. ఈ మూడూ ఉన్న ఇళ్లలో నేడు తరచుగా వినిపిస్తున్న మాట లేజర్ కట్టర్. గాజులాంటి యాక్రిలిక్ పలకపై పేరు చెక్కడం, చెక్కను జాలీగా కోయడం, పెళ్లి పత్రిక అంచుకు లతలు తీర్చడం చూసినవారికి అది కూర్చున్న చోటే సాగే వ్యాపారంలా కనిపిస్తుంది. అమ్మేవారు కూడా కంప్యూటర్‌లో బొమ్మ పెట్టి మీట నొక్కితే చాలునని చెబుతారు. ఈ మాసం మేము ఆ యంత్రం గురించే ముచ్చటించదలిచాము. కొనవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. హలాల్ సంపాదనకు అది మంచి సాధనమే. అయితే ధర అడగడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ యంత్రం నుంచి వెలువడే పొగ ఎటు పోతుంది? ఆ ప్రశ్నకు జవాబు లేని ఇంట్లో యంత్రం పెట్టకూడదన్నది మా నిశ్చితాభిప్రాయం.

ముందుగా యంత్రం ఏమిటో క్లుప్తంగా తెలుసుకుందాం. బజారులో లేజర్ అనే ఒకే పేరుతో మూడు రకాలు అమ్ముడవుతున్నాయి. నీలి కాంతినిచ్చే చిన్న డయోడ్ యంత్రాలు చవకైనవి. ఇవి పలుచని చెక్కను, అట్టను కోస్తాయి గానీ పారదర్శకమైన యాక్రిలిక్‌ను కోయలేవు, ఎందుకంటే ఆ నీలి కాంతి దాని గుండా దూసుకుపోతుంది. రెండవది ఫైబర్ లేజర్. చిన్న దుకాణాలకు వచ్చే ఫైబర్ యంత్రం లోహంపై గుర్తులు వేయడానికి. స్టీలు గిన్నెల దుకాణంలో పేర్లు చెక్కే పనికి అది సరిపోతుంది. చెక్క, యాక్రిలిక్, గుడ్డ, కాగితం, రబ్బరు అన్నింటికీ పనికివచ్చేది మూడవదైన కార్బన్ డయాక్సైడ్ లేజర్. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో దానిని కనిపెట్టిన శాస్త్రవేత్త సి. కుమార్ పటేల్ మన పొరుగున ఉన్న మహారాష్ట్రలోని బారామతిలో జన్మించి, పుణెలో ఇంజనీరింగ్ చదివినవారు. చిన్న వ్యాపారానికి లేజర్ కట్టర్ అన్నప్పుడు సాధారణంగా ఈ రకాన్నే ఉద్దేశిస్తారు. ఈ వ్యాసంలో మేము చెప్పేదంతా దాని గురించే. 60 వాట్ల యంత్రం 3 నుంచి 6 మిల్లీమీటర్ల యాక్రిలిక్‌ను హాయిగా కోస్తుంది. 40 వాట్లతో కూడా కోయవచ్చు గానీ పని నెమ్మదిస్తుంది. ఒక హెచ్చరిక: వాట్లను అట్టపెట్టెపై రాసిన అంకెను బట్టి నమ్మవద్దు. 40 వాట్ల గాజు ట్యూబ్ దాదాపు 70 సెంటీమీటర్లు ఉంటుంది, 60 వాట్లది మీటరు దాటుతుంది. టేపు పెట్టి కొలిస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

ఇక పని సంగతి. యంత్రం కొన్న తరువాత పని వెతుక్కోవడం కన్నా, పని దొరికిన తరువాత యంత్రం కొనడం మేలు. ప్రతి పట్టణంలోనూ నిమిషానికి ఇంత అని తీసుకుని కోసి ఇచ్చే దుకాణం ఒకటి ఉంటుంది. మూడు నెలల పాటు మీరు డిజైన్లు చేయండి, కోత అక్కడ చేయించుకోండి. లాభం తక్కువే మిగులుతుంది, నిజమే. కానీ మీ వాడలో ఏది అమ్ముడవుతుందో, ఎవరు డబ్బు సకాలంలో ఇస్తారో, ఎవరు ఇవ్వరో ఆ మూడు నెలల్లో స్పష్టమవుతుంది. ఇంటి గుమ్మానికి నేమ్‌ప్లేట్లు, దుకాణాల బోర్డులకు అక్షరాలు, పెళ్లి పత్రికలు, నికాహ్ వేదికపై పెట్టే పేర్లు, పాఠశాలల బహుమతి ఫలకాలు, రబ్బరు స్టాంపులు సాధారణంగా వచ్చే పనులు. హైదరాబాదు ఛత్తా బజార్‌లో ఒకప్పుడు కాతిబ్‌లు కలంతో రాసిన పెళ్లి రుఖాల స్థానంలో కంప్యూటర్ రాత వచ్చింది. ఇప్పుడు ఆ రాతను కోసి, పొరలుగా అతికించి ఇమ్మని అడిగేవారు వస్తున్నారు.

మగ్గం పని జరిగే ఇళ్లకు మరొక దారి ఉంది. ట్రేసింగ్ కాగితంపై సూదితో రంధ్రాలు పొడిచి ఖాకా తయారు చేయడం ఎంత శ్రమతో కూడినదో ఆ సోదరీమణులకే తెలుసు. తక్కువ శక్తితో, చుక్కల గీతగా నడిపితే లేజర్ ఆ రంధ్రాలను శుభ్రంగా వేస్తుంది. శక్తి కాస్త ఎక్కువైతే కాగితం చుట్టూ గోధుమ రంగుకు మాడుతుంది కాబట్టి ముందు చిన్న ముక్కపై చూసుకోవాలి. ఇంట్లోనే ఆ పనికి గిరాకీ ఉన్నవారు యంత్రం కొనడానికి ఇతరులకన్నా ఎక్కువ అర్హులని మా అభిప్రాయం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. లేజర్ కోయడం అంటే కత్తితో కోసినట్లు కాదు. సన్నని కిరణం ఆ వస్తువును ఆవిరి చేసి, కాల్చి, దారి చేసుకుంటుంది. పోయిన పదార్థమంతా పొగగా, వాయువుగా మారుతుంది. కనుక ఏమి కోస్తున్నామో దానినే పీలుస్తున్నాము. ఎండీఎఫ్ పలక అంటే చెక్క నారను జిగురుతో అదిమి చేసినది. చాలా పలకల్లో ఆ జిగురు ఫార్మాల్డిహైడ్‌తో చేసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. యాక్రిలిక్ పొగకు ఘాటైన తియ్యని వాసన ఉంటుంది, తలనొప్పి తెస్తుంది. రెండింటినీ కోయవచ్చు, పొగ పూర్తిగా బయటికి పోతే.

పూర్తిగా బయటికి పోవడానికి కిటికీ తెరిచి ఫ్యాను వేయడం చాలదు. యంత్రానికి గొట్టం తగిలించి, బ్లోయర్‌తో పొగను లాగి గోడ అవతలికి పంపాలి. ఆ బ్లోయర్ ఎక్కడ ఉండాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. యంత్రం పక్కనే పెడితే గొట్టంలో గాలి లోపలి నుంచి బయటికి తోసుకుంటూ పోతుంది. ఎక్కడ చిన్న చీలిక ఉన్నా పొగ గదిలోకి కారుతుంది. గొట్టం చివర, గోడ బయట పెడితే గొట్టమంతా గాలిని లోపలికి పీల్చుకునే స్థితిలో ఉంటుంది. చీలిక ఉన్నా గది గాలే గొట్టంలోకి పోతుంది గానీ పొగ బయటపడదు. ఖర్చు ఒకటే, ఫలితంలో తేడా ఎంతో ఉంది. గొట్టం పొట్టిగా, మలుపులు తక్కువగా ఉండాలి. బయటికి పోయినంత గాలి గదిలోకి రావడానికి ఎదురుగా ఒక దారి కూడా ఉండాలి. లేకపోతే బ్లోయర్ గర్జిస్తుంది, పొగ మాత్రం కదలదు.

గోడ అవతల ఎవరున్నారన్నది తరువాతి ప్రశ్న. మన వాడల్లో ఇళ్లు భుజం భుజం తగిలేలా ఉంటాయి. మీ గొట్టం నోరు పొరుగింటి వంటగది కిటికీ వైపు తెరుచుకుంటే, మీ ఇంటి పిల్లలను కాపాడి వారి పిల్లలకు ఆ పొగ పంపినట్లే. పొరుగువారి హక్కు గురించి ఈ పత్రిక పాఠకులకు మేము కొత్తగా చెప్పవలసింది లేదు. గొట్టాన్ని డాబా పైకి తీసుకుపోవాలి, అందరికన్నా ఎత్తులో వదలాలి. అందుకు వీలులేని గది అయితే వేరే చోట ఒక షట్టర్ అద్దెకు తీసుకోవడమే సరైన మార్గం. పిల్లలు నిద్రించే గదిలో, వంటింటి పక్కన, తలుపు లేని వసారాలో ఈ యంత్రం పెట్టరాదు. బొగ్గు వడపోత పెట్టెలు అమ్ముతారు. అవి వాసనను తగ్గిస్తాయి గానీ బొగ్గు నిండిపోయిన తరువాత ఉత్త పెట్టెలే. వాటిని మార్చే ఖర్చు లెక్కలో వేసుకోనివారు చివరికి మార్చడం మానేస్తారు.

ఎట్టి పరిస్థితిలోనూ కోయకూడనివి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది పీవీసీ. ఇది మన చుట్టూ ఎన్ని పేర్లతో తిరుగుతున్నదో గమనించండి. సీట్లకు, సంచులకు వాడే రెక్సిన్ సాధారణంగా పీవీసీ పూత వేసిన గుడ్డ. ఫ్లెక్సీ బ్యానరు, వినైల్ స్టిక్కరు, బోర్డులకు వాడే ఫోమ్ షీటు, ఇటీవల తలుపులకు, జాలీలకు వస్తున్న డబ్ల్యూపీసీ పలక, వీటిలోనూ అధికభాగం పీవీసీయే. దానిని లేజర్‌తో కాల్చితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. తేమ తగలగానే అది హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. తేమ ఎక్కడుంది? మన కళ్లలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో. మిగిలినది యంత్రం పట్టాల మీద, బేరింగుల మీద వాలి తుప్పు పట్టిస్తుంది. ఒక రెక్సిన్ పర్సుల గిరాకీ తీసుకున్నందుకు మొత్తం యంత్రం పోగొట్టుకోవడమంటే ఇదే. డబ్ల్యూపీసీ జాలీ కావాలన్నవారిని బ్లేడు తిరిగే రూటర్ యంత్రం ఉన్న దుకాణానికి పంపండి. ఆ గిరాకీ పోయినందుకు చింతించవలసిన పని లేదు.

తెచ్చిన ముక్క ఏమిటో తెలియనప్పుడు ఒక పాత పరీక్ష ఉంది. రాగి తీగను పటకారుతో పట్టుకుని మంటలో ఎర్రగా కాల్చాలి. మంటకు వేరే రంగు రాకుండా అయ్యాక, ఆ వేడి తీగను ప్లాస్టిక్‌కు తాకించి కొద్దిగా అంటించుకుని మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్లు, అది యంత్రంలోకి పోకూడదు. ఆరుబయట, గోరంత ముక్కతో మాత్రమే చేయండి, పొయ్యి దగ్గర కాదు. పాలీకార్బనేట్ పలక చూడటానికి యాక్రిలిక్‌లాగే ఉంటుంది గానీ పసుపు రంగుకు మాడి మంట లేపుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగి సైనైడ్ వాయువును వదులుతుంది. వీటినీ దూరం పెట్టాలి. యాక్రిలిక్‌లో కాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ అని రెండు ఉన్నాయి. కాస్ట్ పలకపై చెక్కిన అక్షరం తెల్లగా మంచులా కనిపిస్తుంది, రెండవదానిపై ఆ తెలుపు రాదు. దుకాణదారుడిని పేరు పెట్టి అడిగి కొనండి.

పొగ తరువాత నీరు. గాజు ట్యూబ్ పని చేసేటప్పుడు వేడెక్కుతుంది, దాని చుట్టూ నీరు తిరుగుతూ ఉండాలి. ఆ నీరు 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే ట్యూబ్ ఎక్కువ కాలం మన్నుతుంది. చాలా యంత్రాలతో పాటు ఇచ్చే సీడబ్ల్యూ 3000 అనే పెట్టెను అందరూ చిల్లర్ అంటారు గానీ నిజానికి అది చల్లబరిచే యంత్రం కాదు, ఫ్యాను ఉన్న రేడియేటరు. గదిలోని వేడికన్నా దిగువకు నీటిని తీసుకుపోవడం దానికి సాధ్యం కాదు. చలి దేశాల్లో అది సరిపోతుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో గది వేడి 40 డిగ్రీలు ఉన్నప్పుడు నీరు అంతకన్నా వేడిగానే ఉంటుంది, ట్యూబ్ శక్తి పడిపోతుంది, ఆయుష్షు తరుగుతుంది. మన ప్రాంతానికి కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ 5000 లేదా 5200 తరహా చిల్లర్ తప్పనిసరి. ధరలో బేరమాడేటప్పుడు చివర్లో తగ్గించమని అడగవలసిన వస్తువు అది కాదు.

సముద్ర తీరంలోని పాఠకులకు మరొక మాట. మచిలీపట్నం, విశాఖపట్నం వంటి చోట్ల వానాకాలంలో గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, మంచినీళ్ల గ్లాసు చుట్టూ చెమట పట్టినట్లు చల్లని ట్యూబ్‌పై కూడా నీటి బిందువులు పడతాయి. ట్యూబ్ వెనుక కొనకు వేల వోల్టుల విద్యుత్తు వస్తుంది. తడి ఉంటే అది దారి తప్పి మెరుపులా దూకుతుంది. అందుచేత ఆ కాలంలో చిల్లర్‌ను 18 డిగ్రీలకు కాక 25 దగ్గర ఉంచడం క్షేమం. నీరు డిస్టిల్డ్ వాటరే కావాలి. బోరు నీటిలోని సున్నం ట్యూబ్ లోపల పొరకడుతుంది, పైగా ఆ నీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది.

ఎర్తింగ్ గురించి రెండు మాటలు చాలు. అది లేకుండా ఈ యంత్రాన్ని ఒక్క నిమిషం కూడా నడపరాదు. పాత ఇళ్లలో మూడు కన్నాల సాకెట్టు ఉంటుంది, వెనుక తీగ మాత్రం ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి చూసుకోండి. వ్యాపారానికి వేరు మీటరు తీసుకోండి.

నిప్పు విషయంలో మాత్రం కాస్త ఆగి చెప్పవలసి ఉంది. యాక్రిలిక్ మండే పదార్థం. కిరణం ఒక మూల ఆలస్యం చేసినా, గాలి పంపు ఆగినా చిన్న జ్వాల లేస్తుంది. చూస్తూ ఉన్నవాడు మూత తెరవగానే కిరణం ఆగుతుంది, తడిగుడ్డతో అదిమితే జ్వాల చల్లారుతుంది. చూడనివాడి గది కాలిపోతుంది. అజాన్ వినిపిస్తుంది, ఇంకా నాలుగు నిమిషాల కోత మిగిలి ఉంటుంది, అది పూర్తయ్యేలోపు వుజూ చేసుకుని వద్దామనిపిస్తుంది. అలా చేయకండి. పాజ్ మీట నొక్కి, ఆపి వెళ్లండి. తిరిగి వచ్చి అదే గీత నుంచి కొనసాగించే సదుపాయం చాలా యంత్రాల్లో ఉంది, లేకపోయినా నష్టపోయేది ఒక పలక మాత్రమే. భోజనానికి, ఫోనుకు, వాకిట్లోని గిరాకీకి కూడా ఇదే నియమం. కార్బన్ డయాక్సైడ్ రకం అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. పొడి రకం మంటను ఆర్పినా, ఆ పొడి అద్దాలను, పట్టాలను పాడుచేస్తుంది. మూత తెరిస్తే కిరణం ఆగేలా చేసే స్విచ్చును కొందరు తొందర కోసం తీగ చుట్టి పనిచేయకుండా చేస్తారు. ఆ కిరణం కంటికి కనిపించదు, తగిలిన తరువాతే తెలుస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ స్విచ్చును ముట్టుకోకూడదు.

ఇక డబ్బు. వాయిదాల మీద యంత్రం ఇప్పిస్తామని అమ్మేవారు ముందుకు వస్తారు, ఆ వాయిదాల్లో వడ్డీ ఉంటుంది. వడ్డీ విషయంలో మన ధర్మం ఏమంటుందో పాఠకులు ఎరుగుదురు. కనుక మిగిలిన దారుల గురించే మాట్లాడుకుందాం. సొంత సొమ్ము చాలనప్పుడు బంధువుల్లో ఒకరు పెట్టుబడి పెట్టి, మరొకరు శ్రమ పెట్టే ముజారబా పద్ధతి ఉంది. ఇద్దరూ సొమ్ము పెడితే ముషారకా అవుతుంది. ఇక్కడే మన ఇళ్లలో ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. బావగారు రెండు లక్షలు ఇస్తారు, ప్రతి నెలా మూడు వేలు ఇవ్వమంటారు, అసలు ఎప్పటికీ తన రెండు లక్షలే అంటారు. పేరుకు భాగస్వామ్యం, నిజానికి అది వడ్డీయే. భాగస్వామ్యమైతే లాభంలో వంతు ఉండాలి గానీ ముందే నిర్ణయించిన మొత్తం ఉండరాదు. ముజారబాలో, శ్రమ పెట్టినవాడి నిర్లక్ష్యం లేనప్పుడు, మూలధనంలో వచ్చిన నష్టం సొమ్ము పెట్టినవారిది. శ్రమ పెట్టినవాడు తన శ్రమను కోల్పోతాడు. ఈ మాటలన్నీ ప్రేమగా ఉన్న రోజునే కాగితంపై రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించాలి. ట్యూబ్ మాడిపోయిన రోజున రాసుకుందామంటే కుదరదు. పనిముట్టుగా వాడే యంత్రంపై జకాత్ లేదు. అమ్మకానికి ఉన్న సరుకు, చేతిలోని సొమ్ము లెక్కలోకి వస్తాయి. వివరాలకు మీ ఊరి ఆలిమ్‌ను సంప్రదించండి.

లాభంలో వంతు పంచాలంటే ముందు లాభం ఎంతో తెలియాలి. ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం. చిల్లర్, బ్లోయర్, గొట్టం, తీగలతో కలిపి యంత్రానికి రెండు లక్షలు అయిందనుకుందాం. రోజుకు 4 గంటల కోత, ఏడాదికి 250 రోజులు, నాలుగేళ్లు పనిచేస్తుందనుకుంటే 4,000 గంటలు. అంటే గంటకు 50 రూపాయలు యంత్రం అరుగుదలకే పోతుంది. గాజు ట్యూబ్ శాశ్వతం కాదు. 25,000 రూపాయల ట్యూబ్ 2,000 గంటలు వస్తుందనుకుంటే గంటకు పన్నెండున్నర. విద్యుత్తు ఒకటిన్నర యూనిట్లు అనుకుంటే దాదాపు 15. అద్దాలు, లెన్సు, నీరు వగైరాలకు ఏడున్నర వేయండి. ఇంతవరకు 85. ఇప్పుడు మనిషి కూలి. గంటకు 100 రూపాయలే అనుకున్నా, యంత్రం 4 గంటలు కోయడానికి మనిషి 8 గంటలు కూర్చుంటాడు, ఎందుకంటే గిరాకీతో మాట్లాడాలి, డిజైను దిద్దాలి, పలక పెట్టాలి, తుడవాలి, అతికించాలి. అంటే కోత గంటకు కూలి 200. మొత్తం 285 రూపాయలు, నిమిషానికి దాదాపు అయిదు. ఇందులో గది అద్దె లేదు, పలక ధర లేదు, లాభం అసలే లేదు.

ఈ లెక్క వేయనివారు పలక ధరకు రెట్టింపు తీసుకుని లాభం వచ్చిందనుకుంటారు. ఆరు నిమిషాల్లో కోసిన నేమ్‌ప్లేటుకు నలభై నిమిషాల వాట్సాప్ సంభాషణ జరిగిందన్న సంగతి వారి పుస్తకంలో ఎక్కడా ఉండదు. రెండేళ్ల తరువాత ట్యూబ్ పోయిన రోజున కొత్తది కొనడానికి సొమ్ము ఉండదు. యంత్రం గుడ్డ కప్పుకుని మూలకు చేరుతుంది. ప్రతి రోజూ రాత్రి ట్యూబ్ పన్నెండున్నరను, యంత్రం యాభైని కోసిన గంటలతో గుణించి విడిగా ఒక డబ్బాలో వేయండి. ఆ డబ్బా మీది కాదు, యంత్రానిది. ట్యూబ్‌ను నిండు శక్తితో నడపకుండా 70 శాతం దగ్గర నడిపితే కోత కాస్త నెమ్మదిస్తుంది గానీ ఆ డబ్బాలోని సొమ్ము ఎక్కువ కాలం సరిపోతుంది.

పనిలోని మెలకువలన్నీ చెప్పడానికి ఇక్కడ చోటు లేదు. మన లిపులకు సంబంధించిన ఒక్క సంగతి మాత్రం చెబుతాము, ఎందుకంటే ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవారికి ఇది ఎవరూ చెప్పరు. ఉర్దూ అక్షరాలను విడివిడి ముక్కలుగా కోసినప్పుడు చుక్కలు విడిగా ఊడివస్తాయి. షబానా అనే పేరును ఉర్దూలో కోస్తే షీన్‌కు మూడు, బేకు ఒకటి, నూన్‌కు ఒకటి, మొత్తం అయిదు చుక్కలు జాలీ బల్ల కన్నాల్లోంచి కిందికి జారిపోతాయి. ఒక చుక్క తప్పితే పేరే మారిపోతుంది. కోయడానికి ముందు పలకపై కాగితపు టేపు పరిచి, వాటి స్థానం చెదరకుండా ఎత్తుకోవాలి. నస్తాలీఖ్ రాతలో అక్షరాలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. వాటిని కర్వులుగా మార్చి, ఒకటిగా అతకకుండా పంపితే ఎక్కిన చోటల్లా యంత్రం అడ్డంగా కోసేస్తుంది. తెలుగులో వత్తులది ఇదే కథ. అబ్దుల్లా అని కోస్తే దవత్తు, లవత్తు విడిపోయి చేతికి వస్తాయి. అక్షరానికీ వత్తుకూ మధ్య సన్నని వారధి గీయడమో, వెనుక మరొక పలక అతికించడమో చేయాలి. కోతకు ముందు కాగితంపై ముద్రించి, పేరుగలవారి చేత చదివించి, సరేననిపించుకోండి. డిజైన్లకు ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దొంగ కాపీలతో వ్యాపారం మొదలుపెట్టవలసిన అవసరం లేదు.

స్టాంపుల పని తీసుకునేవారు ఒక పుస్తకం ఉంచండి. ఎవరు అడిగారు, ఏ సంస్థ తరఫున అడిగారు, గుర్తింపు కాగితం ఏమిటి, రాసుకోండి. డాక్టరు ముద్ర, తహసీల్దారు ముద్ర కావాలని ఒక నమూనా కాగితం తెచ్చి ఎక్కువ డబ్బు ఇస్తామనేవారు తప్పక వస్తారు. నకిలీ ముద్ర తయారు చేయడం చట్టం దృష్టిలో నేరం. ఆ ముద్రతో ఎవరి పొలం, ఎవరి పింఛను చేతులు మారుతుందో చేసినవాడికి తెలియను కూడా తెలియదు. దైవనామాలు, ఆయతులు కోసినప్పుడు మిగిలే ముక్కలను చెత్తబుట్టలో వేయకుండా విడిగా ఒక పెట్టెలో ఉంచే ఏర్పాటు మొదటి రోజునే చేసుకోవాలి.

కొత్త యంత్రం భారమనిపిస్తే పాతది కొనవచ్చు, తప్పులేదు. అయితే చూడటానికి వెళ్లేటప్పుడు కాగితపు టేపు, 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ ముక్కలు నాలుగు వెంట తీసుకువెళ్లండి. బల్ల నాలుగు మూలలా ఒక్కొక్క ముక్క కోయించండి. ఒక మూల కోసి మరొక మూల కోయకపోతే అద్దాలు సరిగా లేవన్నమాట. అది సరిదిద్దగల లోపమే, దాని మేరకు ధర తగ్గించమనండి. కిరణం వెలుగుతున్నప్పుడు ట్యూబ్‌లోని రంగు చూడండి. గులాబీ, ఊదా కలిసినట్లుంటే మంచిదే. పాలిపోయి తెల్లగా ఉంటే లోపలి వాయువు అయిపోవచ్చింది, కొత్త ట్యూబ్ ధర కూడా మీ లెక్కలో వేసుకోవాలి. చివరిగా, మూత ఎత్తి పట్టాలను, స్క్రూలను వేలితో తడిమి చూడండి. తీరప్రాంతం కాని ఊరిలో కూడా వాటిపై గోధుమ రంగు తుప్పు గరుకుగా తగిలితే, ఆ యంత్రంపై రెక్సినో ఫోమ్ షీటో కోసి ఉండవచ్చు. అమ్మేవారిని సూటిగా అడగండి, సరైన జవాబు రాకపోతే యాక్రిలిక్ ముక్కలు తీసుకుని తిరిగి వచ్చేయండి. మీరు కొన్న యంత్రానికైతే, ట్యూబ్ బిగించిన తేదీని మూత లోపలి వైపు పెన్నుతో రాసి, నడిచిన గంటలను నెలనెలా ఆ పక్కనే నమోదు చేస్తూ ఉండండి. రేపు మీరు దానిని అమ్మవలసి వచ్చినప్పుడు కొనేవారికి చూపించవలసిన మొదటి కాగితం అదే.